ఏటిగట్టు మీద రెండు చక్రాలు

కారులో పోయేవారికి గోదావరి అంటే ఒక వంతెన. రైల్లో పోయేవారికి ఒక చప్పుడు. కిటికీ చువ్వల్లోంచి విసిరిన ఒక రూపాయి బిళ్ళ, ఒక దండం. పుష్కరాలకు వచ్చేవారికి మెట్ల రేవు, మూడు మునకలు. వీరందరూ గోదావరిని అడ్డంగా చూసి పోతున్నారు. ఏరు అడ్డంగా ప్రవహించదు కదా! దాన్ని పొడుగునా చూడాలంటే దానితోబాటే కొంతదూరం పోవాలి. అందుకు పడవ మంచిదే గాని, పడవ మన చేతిలో ఉండదు. నడక ఇంకా మంచిదే గాని, నాలుగు మైళ్ళు నడిచేసరికి మోకాళ్ళు మొరాయిస్తాయి; నలభై దాటినవారికి మరీను. ఇక మిగిలింది సైకిలు.

సైకిలు గొప్పదనమంతా దాని తీరికలోనే ఉన్నది. గంటకు పది కిలోమీటర్లు పోయే మనిషి ఎదురుగా వచ్చేవారి ముఖం గుర్తుపట్టగలడు, "ఏమండీ, బాగున్నారా?" అని పలకరించి జవాబు వినేంతసేపు వారి ప్రక్కన ఉండగలడు. మామిడిపండు వాసన ఏ తోటలోంచి వచ్చిందో చెప్పగలడు. దిగాలనుకుంటే ఒక కాలు నేల మీద ఆనిస్తే చాలు.

ఐక్యరాజ్య సమితి 2018లో జూన్ 3వ తేదీని ప్రపంచ సైకిలు దినంగా ప్రకటించింది. వారు మన కార్తెలు చూసి ముహూర్తం పెట్టి ఉండరు గాని, ఆ తేదీ గోదావరి జిల్లాలకు అతికినట్లు సరిపోయింది. రోహిణి కార్తె వెళ్ళిపోతూ, మృగశిర ఇంకా గుమ్మంలో అడుగు పెట్టని ఆ నాలుగు రోజులే ఏటిగట్టు మీద సైకిలు తొక్కవలసిన రోజులని నా అభిప్రాయం.

"రోళ్ళు పగిలే ఎండల్లో సైకిలు షికారా! ఈ లెక్చరరు గారికి వడదెబ్బ తగిలినట్లున్నది" అని మీరనుకోవచ్చు. మా ఆవిడ ఇంతకంటే గట్టి మాటే అన్నది. కాని గోదావరి ప్రక్కన ఎండకు ఒక క్రమశిక్షణ ఉన్నది. తెల్లవారుజామున అయిదు గంటలకు బయలుదేరినవాడికి తొమ్మిది దాకా భయం లేదు. పది నుంచి నాలుగు దాకా చెట్టు క్రింద ఉండాలి. అది కూడా ప్రయాణంలో భాగమే. నాలుగు దాటాక సముద్రం మీంచి పైరగాలి లేస్తుంది. దక్షిణంగా, ఆగ్నేయంగా వచ్చే ఆ గాలి, ఏటికి ఎదురుగా పైకి తిరిగివచ్చేవాడి వీపు మీద చెయ్యి వేసి తోస్తుంది. కనుక పొద్దున్న గాలి లేనప్పుడు ఏటితోబాటు క్రిందికి పోవాలి. సాయంత్రం గాలితోబాటు పైకి రావాలి. ఈ సూత్రం తెలియక తారుమారు చేసుకున్నవాడు సైకిలును తిడతాడు.

దారి చెబుతాను. ధవళేశ్వరం దగ్గర ఎక్కి, ఆనకట్ట దాటి బొబ్బర్లంక చేరాలి. అక్కడి నుంచి గౌతమి గట్టు పట్టుకుని వాడపల్లి దాకా దిగాలి. తిరుగు ప్రయాణం ఏటిగట్టు మీద కాకుండా లొల్ల లాకుల మీదుగా, ఆత్రేయపురం మీదుగా కాలవగట్టు వెంబడి. పోయేటప్పుడు దేవుడిచ్చిన ఏరు, వచ్చేటప్పుడు మనిషి త్రవ్విన కాలవ. తీరిగ్గా తొక్కినా ఒక పగటిలో పోయి రావచ్చు.

క్రిందటి వేసవిలో నాతో మా మేనల్లుడు కూడా వచ్చాడు. వాడికి పదిహేడేళ్ళు. హైదరాబాదులో చదువు. వాడిది గేర్ల సైకిలు. నాది మడ్‌గార్డు మీద సొట్టలున్న పాత నల్ల సైకిలు. వాడు ఒక సెల్‌ఫోను హేండిలుకు కట్టి, ఎంత వేగంగా పోతున్నామో అందులో చూస్తూ ఉంటాడు.

"మావయ్యా! గంటకి తొమ్మిది కిలోమీటర్లే పోతున్నాం."

"పోనీలేరా. ఏరు మనకంటే మెల్లిగా పోతున్నది. దాన్నెవరైనా అడిగారా?"

ధవళేశ్వరం ఆనకట్ట మీద సైకిలు ఎక్కగానే వేసవి చివర అంటే ఏమిటో కళ్ళకు కడుతుంది. కుడిచేతి వైపు నిండుకుండలాంటి నీరు, అవతలి ఒడ్డు కనపడీ కనపడనట్లు. ఎడమచేతి వైపు ఇసుక. రెంటికీ మధ్య ఉన్నది తలుపుల వరస. ఈ తలుపులు మొత్తం నాలుగు భాగాలలో 175 ఉన్నాయి: ధవళేశ్వరం దగ్గర 70, ర్యాలి దగ్గర 43, మద్దూరు దగ్గర 23, విజ్జేశ్వరం దగ్గర 39. బొబ్బర్లంక చేరాలంటే మొదటి రెండు వరసలు దాటితే చాలు. మధ్యలో పిచ్చుకలంక వస్తుంది. మావాడు సెల్‌ఫోను సంగతి మరచిపోయి తలుపులు లెక్కపెడుతూ వచ్చాడు. 113 లెక్క సరిపోయేసరికి, పరీక్షలో మొదటి తరగతి వచ్చినంత సంబరపడ్డాడు.

ఆర్థర్ కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ముగించిన పాత ఆనకట్టకు తలుపులు ఎత్తి దించే ఏర్పాటు లేదు; అడ్డంగా పొట్టి రాతి కట్ట, మిగులు నీరు దాని మీంచి దూకి పోయేది. అంతకు ముందు 1832-33లో వచ్చిన కరువును మన పెద్దలు డొక్కల కరువు అన్నారు. ఏడాదికి ఒకసారి ఇంత నీరు సముద్రం పాలవుతున్న ఏటి ప్రక్కన మనుషులు డొక్కలెండి పోవడమేమిటన్న ప్రశ్నకు జవాబుగా పుట్టినది ఆనకట్ట. ఇప్పుడు మనం సైకిలు తొక్కే బారేజీ ఆ పాతదానికి వయసు మీరాక 1970లలో మొదలై 1980లలో పూర్తయినది. దాని వెనుక నిలబడిన నీటి మీద సుమారు పది లక్షల ఎకరాలు బ్రతుకుతున్నాయి. ఈ నీటిలో వేసవినాడు మహారాష్ట్ర నుంచి వచ్చేది తక్కువ. సీలేరు కొండల మీంచి దిగివచ్చే నీరే ఎక్కువ. నాసిక దగ్గర పుట్టి 1465 కిలోమీటర్లు నడిచిన గోదావరి, చివరి మజిలీలో ఒక పొరుగింటి చెంబెడు నీళ్ళతో దాహం తీర్చుకుంటున్నది.

బొబ్బర్లంక దగ్గర ఎడమకు తిరిగి గట్టు ఎక్కుతాం. కృష్ణ ప్రక్కన దీన్ని కరకట్ట అంటారు. గోదావరి ప్రక్కన ఏటిగట్టు. రెండూ మంచి మాటలే. కరకట్ట అన్నప్పుడు కట్టిన చెయ్యి కనబడుతుంది. ఏటిగట్టు అన్నప్పుడు అది ఏటికి పుట్టుకతోనే ఉన్నదేమో అనిపిస్తుంది. ఆ అనిపించడంలోనే ఒక ప్రమాదం ఉన్నది. దాని సంగతి తరువాత చెబుతాను.

గట్టు మీద పొద్దున్న ఆరు గంటల వేళ. ఎడమ ప్రక్కన గౌతమి. ఏరంటే నీరని అనుకునేవాడికి ఇక్కడ కనిపించేది ఎక్కువగా ఇసుక. అరమైలు వెడల్పున తెల్లటి ఇసుక తిన్నెలు, వాటి మధ్య సన్నని పాయలు. పాయలో మోకాలిలోతు నీళ్ళలో గేదెలు, వాటి వీపుల మీద తెల్లకొంగలు. దూరంగా లంకల్లో కూరగాయల మడులు, పచ్చగా చీరలు ఆరవేసినట్లు. లంకవాసులు పాల బిందెలు సైకిలుకు కట్టుకుని, పాయ వచ్చినచోట సైకిలునే భుజాన ఎత్తుకుని దాటి వస్తున్నారు. పడవ నడవవలసిన చోట మనిషి సైకిలును మోస్తున్నాడు! ఏడాదిలో ఈ రెండు నెలలే ఆ వింత.

కుడి ప్రక్కన ఊరు. కొబ్బరి తోటలు, అరటి తోటలు, చక్కెరకేళి, కర్పూరం, బొంత. నడుమ నడుమ తాడిచెట్లు. ముంజల రోజులు అయిపోవచ్చాయి. నేరేడు పండ్లు గట్టు మీద రాలి, సైకిలు చక్రాలకు ఊదారంగు పూస్తున్నాయి. ఒక పెరట్లో ముసలమ్మ ముగ్గు వేస్తున్నది. ఇంకొక పెరట్లో పిల్లలు నిద్ర లేవకముందే ఎవరో రసాలు తొట్టిలో నీళ్ళు పోసి నానవేస్తున్నారు. ఇవన్నీ మేము చూస్తున్నది పైనుంచి! పెంకుటిళ్ళ కప్పులు మా పాదాల మట్టానికి ఉన్నాయి.

"మావయ్యా, ఊరు గోతిలో ఉందేమిటి?" అన్నాడు మావాడు.

ఈ ప్రశ్న కారులో పోయేవాడికి రాదు. ఊరు గోతిలో లేదు. మనం గట్టు మీద ఉన్నాం. కాని వాడి ప్రశ్నకు సగం జవాబు మాత్రమే ఇది. మిగతా సగం కోసం డెల్టా ఎలా పుట్టిందో ఒక్కసారి తలచుకోవాలి.

వేల ఏళ్ళుగా గోదావరి వరద వచ్చినప్పుడల్లా ఒడ్డు పొర్లింది. ఒడ్డు దాటగానే నీటి వేగం తగ్గుతుంది. తగ్గగానే బరువైన ఇసుక, వండలి అక్కడే, ఒడ్డు ప్రక్కనే, దించేస్తుంది. తేలికైన మట్టి ఇంకొంచెం దూరం పోయి దిగుతుంది. ఇలా దించి దించి ఏటి ప్రక్క నేల మెరక అయింది. ఏటి నుంచి దూరం పోయినకొద్దీ పల్లం అయింది. కొండ ప్రాంతంలో నీరు పొలాల మీంచి ఏటిలోకి జారుతుంది. డెల్టాలో నేల వాలు ఏటికి వీపు త్రిప్పి ఉంటుంది. కాటన్ పథకంలో తెలివంతా ఈ వాలును గమనించడంలోనే ఉన్నది. కాలవలు మెరక మీద నడుస్తాయి. మురుగు కాలవలు పల్లంలో నడుస్తాయి. ఏ మరా లేకుండా నీరు ఇంటింటికీ, పొలం పొలానికీ తనంతట తానే దిగిపోతుంది.

గట్టు మీంచి ఊళ్ళోకి సైకిలు వదిలిపెడితే తొక్కకుండానే దిగుతుంది. గట్టు దిగిన తరువాత కూడా ఆ పల్లం సాగుతూనే ఉంటుంది. మన కాలికి తెలియనంత మెల్లని పల్లం. నీటికి మాత్రం తెలుస్తుంది.

ఇప్పుడు గండి పడటమంటే ఏమిటో ఊహించుకోండి. కొండ ప్రాంతంలో ఏరు పొంగితే, తగ్గగానే నీరు మళ్ళీ ఏటిలోకి పోతుంది. డెల్టాలో గట్టు తెగితే ఆ నీరు వెనక్కి రాదు. ఒక ఊరి మీంచి ఇంకొక ఊరి మీదికి, మెరకలోంచి పల్లంలోకి, గట్టు ఎక్కడుందో కూడా ఎరుగనివాళ్ళ ఇళ్ళలోకి పోతూనే ఉంటుంది. అందుచేత ఏటిగట్టు ఒడ్డున ఉన్న ఊరి సొంత ఆస్తి కాదు. ఎక్కడో పది మైళ్ళ అవతల మేడ మీద నిద్రపోతున్న పెద్దమనిషికి కూడా అది ఇంటి గోడే.

మేము ఈ మాటలు చెప్పుకుంటూ పోతూండగా గట్టు వాలులో ఒక ముసలాయన కర్రతో తుప్పలు కదుపుతూ కనిపించాడు. ఖాకీ చొక్కా, మోకాళ్ళ పైకి కట్టిన పంచె. సైకిళ్ళు ఆపాం.

"ఏం వెతుకుతున్నారండీ?"

"బొరియలండి, మేస్టారూ. ఎలక బొరియలు, పీత బొరియలు. ఇప్పుడైతే కనబడతాయండి. నాలుగు చినుకులు పడి గడ్డి మొలిచిందంటే ఇంక కనబడవండి."

ఆయన ఒకప్పుడు లస్కరుగా పనిచేశాడట. లాకుల తలుపులు ఎత్తడం, దించడం, గట్టు కాయడం లస్కర్ల పని. ఉద్యోగం అయిపోయి చాలా ఏళ్ళయినా, వేసవి చివర ఒకసారి తన పాత సరిహద్దు అంతా నడిచి చూసుకుంటే గాని ఆయనకు నిద్ర పట్టదట.

మావాడికి నమ్మకం కుదరలేదు. "ఇంత లావు గట్టుని ఎలక ఏం చేస్తుంది, తాతగారూ?"

"ఎలక ఏం సెయ్యదు బాబూ. దారి సూపిత్తాదంతే. తరవాత పని ఏరు సూసుకుంటాది."

ఆ తరవాత పని ఎలా ఉంటుందో ఆయన మాకు విడమరచి చెప్పాడు. వరద గట్టు సగం దాకా ఎక్కి రెండు మూడు రోజులు నిలబడితే నీరు ఆ బొరియలు వెతుక్కుంటుంది. మొదట ఊరివైపు వాలులో చెమ్మ కనబడుతుంది. తరువాత గట్టు మొదట్లో నీరు బుడగలు బుడగలుగా ఊరుతుంది. ఊరే నీరు తేటగా ఉన్నంతసేపు కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు. బురదనీరు వచ్చిందా, గట్టు లోపలి మట్టి కరిగి బయటికి వస్తున్నదన్నమాట. అప్పుడు దాన్ని మూయకూడదు. ఒకచోట మూస్తే ఇంకొకచోట పైకి లేస్తుంది. దాని చుట్టూ ఇసుక బస్తాలతో బావి గట్టులాగా కట్టి, లోపలి నీటిని పైకి ఎదగనివ్వాలి. అలా ఎదిగిన నీటి బరువే ఊటను అణచిపెడుతుంది. ఇంజనీరింగు కాలేజీలో బల్ల మీద బొమ్మ వేసి చెప్పే పాఠం! దాన్ని ఆయన రాత్రిపూట లాంతరు వెలుగులో, వానలో, మోకాటి లోతు బురదలో నేర్చుకున్నాడు.

"ఏరు తొంగున్నప్పుడే గట్టుని లేపాలండి. ఏరు లేచాక గట్టుని లేపలేమండి" అని ఆయన మళ్ళీ కర్ర తీసుకున్నాడు.

ఈ ఏరు లేచినప్పుడు ఎలా ఉంటుందో కొన్ని అంకెలు చెబుతాను. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు వస్తే మొదటి హెచ్చరిక, 13.75 దగ్గర రెండవది, 17.75 దగ్గర మూడవది. మొదటి హెచ్చరిక నాటికే సెకనుకు సుమారు 10 లక్షల ఘనపుటడుగుల నీరు దిగుతూ ఉంటుంది. 1986 ఆగస్టులో అది దాదాపు 35 లక్షలకు పోయింది. లీటర్లలో చెప్పుకుంటే సెకనుకు పది కోట్లు! గట్లు తెగి కోనసీమ నీటిలో తేలిన వరద అది. ఆ తరువాతే గట్లు ఎత్తు పెంచి, బలపరిచారు. 2006 ఆగస్టులో మళ్ళీ గండ్లు పడ్డాయి. 2022లో ఏరు ఆగస్టు దాకా కూడా ఆగలేదు. జులై నెల నడుమనే భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటింది. అక్కడ 1986లో వచ్చినది 75.6 అడుగులు. ఈ వరదలకు మన ఊళ్ళో చినుకు పడనక్కర లేదు. ప్రాణహిత, ఇంద్రావతి, శబరి నదుల మీద కురిసిన వాన, మూడు నాలుగు రోజులు ప్రయాణం చేసి, ఎండ కాస్తున్న కోనసీమకు వస్తుంది. ఇవాళ మనం గేదెలు కడుగుతుంటే చూసిన పాయ, అప్పుడు ఈ గట్టు అంచు నాకుతూ పోతుంది. ఇవాళ మన పాదాల క్రింద ఉన్న పెంకుటిళ్ళు, అప్పుడు ఏటి మట్టానికంటే క్రింద ఉంటాయి.

ఇందాక ఒక ప్రమాదం సంగతి చెబుతానన్నాను. గట్టు మీద మంచి రోడ్లు వేశారు. సంతోషించవలసిందే, లేకపోతే నా సైకిలు ఇంత సుఖంగా పోయేది కాదు. కాని రోడ్డు వేసినకొద్దీ జనానికి అది రోడ్డుగానే కనబడుతున్నది, గట్టుగా కనబడటం మానేసింది. రోడ్డు ప్రక్కన స్థలం ఉన్నది గనుక వాలు తవ్వి పాక వేసుకుంటారు ఒకరు. ఏటిలోకి లారీ దిగడానికి ఇసుక ర్యాంపు కోసం గట్టు అంచును కోసేస్తారు మరొకరు. బరువు లారీలు నడిచిన చోట గట్టు నడుము క్రుంగి, సైకిలుకు కూడా తెలుస్తున్నది. ఒకరు ఇంటి మెరకకు తట్టెడు మట్టి తీసుకుంటారు, తట్టెడే కదా! ఎలుక కూడా అలాగే అనుకుంటుంది. 1986లో పుట్టిన పిల్లలు ఇవాళ నడివయసువారు. ఆ రాత్రులు చూసిన పెద్దలు తగ్గిపోతున్నారు. గట్టు కాచిన లస్కర్ల జ్ఞాపకం ఒక పాఠ్యపుస్తకంలోకి ఎక్కలేదు. అదీ నా బెంగ.

ఎండ ముదిరేసరికి వాడపల్లి చేరాం. వేంకటేశ్వరస్వామి వెలసిన ఊరు. ఏడు శనివారాలు మొక్కుకుని వచ్చేవారితో శనివారంనాడు ఇసుక వేస్తే రాలదు. మిగిలిన రోజుల్లో సైకిలు పెట్టుకోవడానికి నీడ దొరుకుతుంది. స్వాతంత్ర్యోద్యమ కాలంలో, 1931లో, స్వామివారి రథం మీద గాంధీగారి పటం పెట్టినందుకు పోలీసులు కాల్పులు జరిపినది ఈ ఊళ్ళోనే. చెట్టు క్రింద కూర్చుని డబ్బాలోని పెరుగన్నం, మాగాయ తింటూ ఈ కథ చెబితే, మా మేనల్లుడు చాలాసేపు సెల్‌ఫోను తియ్యలేదు.

నాలుగు దాటాక లొల్ల లాకుల దగ్గరికి వచ్చాం. బొబ్బర్లంక దగ్గర బయలుదేరిన కాలవ ఇక్కడ చీలి కోనసీమ మీదికి పోతుంది. ఇంగ్లీషు లాక్ అన్న మాటకు మనవాళ్ళు ఉకారం తగిలించి, లాకు, లాకులు అని సొంతం చేసుకున్నారు. సినిమాలవాళ్ళకు ఇష్టమైన చోటు. కాని వారు నీళ్ళున్నప్పుడు వస్తారు. మేము వెళ్ళినది కాలవలు కట్టేసిన రోజుల్లో. ఏప్రిల్‌లో నీరు ఆపి, జూన్‌లో మళ్ళీ వదిలేదాకా కాలవకు విశ్రాంతి. మనిషికి మాత్రం అప్పుడే పని. అడుగు కనబడుతున్న కాలవలో పూడిక తీస్తున్నారు, గుర్రపుడెక్క లాగి గట్టున వేస్తున్నారు, తలుపులకు గ్రీజు పూస్తున్నారు. అందమంతా నీటితోనే వస్తుందనుకునేవారికి ఇది చూడదగిన దృశ్యం కాదు. నాకు మాత్రం పెళ్ళికి ముందు రోజు ఇల్లులాగా కనిపించింది. చీపుళ్ళు, దుమ్ము, అరుపులు. రేపటి కళంతా ఈ హడావిడిలోనే ఉన్నది.

ఆత్రేయపురంలో ఆగకుండా పోవడం మహాపాపం. పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. బోర్లించిన కుండ క్రింద మంట. బియ్యపు పిండి నీళ్ళలో ముంచిన గుడ్డ కుండ మీద ఒక్కసారి లాగితే, కాగితం కంటే పల్చని రేకు లేచి వస్తుంది. ఈ పని ఏడాది పొడుగునా ఉంటుంది. వేసవి చివర ప్రత్యేకం మామిడి తాండ్ర. రసం తీసి బెల్లమో పంచదారో కలిపి చాప మీద పలచగా పోస్తారు. అది ఎండాక దాని మీద ఇంకొక పొర. అదీ ఎండాక ఇంకొకటి. గోదావరి డెల్టాను ఎలా కట్టిందో, తాండ్రను వీరు అలా కడతారు. మొదటి వాన చినుకు పడేలోగా ముగించాలి గనుక, ఆ ఇళ్ళలో ఆకాశం వైపు చూడని మనిషి ఉండడు. అరకిలో తాండ్ర కొని క్యారియరుకు కట్టుకున్నాం. ఇల్లు చేరేసరికి అది పావుకిలో ఎలా అయిందో ఆ తూకంరాయికే తెలియాలి.

తిరిగి వచ్చేటప్పుడు చెప్పినట్లే పైరగాలి వీపు తోసింది. మా మేనల్లుడు గేర్లు మార్చడం మానేసి ఈల వేస్తూ వచ్చాడు.

ఈ షికారు చెయ్యదలచినవారికి నాలుగు మాటలు. బడులు తెరవకముందు, కాలవలకు నీరు వదలకముందు ఒక తెల్లవారుజాము చూసుకోండి. నెత్తికి తుండుగుడ్డ, సీసాలో మజ్జిగ, జేబులో పంక్చరు సామాను ఉండాలి. పిల్లలున్నవారు పిల్లల్ని తప్పక తీసుకుపొండి. గట్టు మీద ఒకచోట ఆపి, ఏటివైపు ఒకసారి, ఊరివైపు ఒకసారి చూపించి, ఏది పల్లంలో ఉందో వారినే చెప్పమనండి. ఆగస్టు నెలలో పత్రికలో ధవళేశ్వరం నీటిమట్టం చదివినప్పుడు వారికి ఆ అంకె ఒక పెంకుటింటి కప్పుగా కనబడుతుంది.

ఇసుక, నేరేడు చెట్లు, కొంగలు చూసి ఆనందించండి. నడుమ నడుమ కళ్ళు గట్టు వాలు మీద కూడా పెట్టండి. బొరియ గాని, కొత్తగా తవ్విన గుంట గాని కనబడితే, దారిలో మొదటి ఊళ్ళో సైకిలు ఆపి ఎవరికైనా చెప్పి మరీ కదలండి. వారు మంచినీళ్ళిచ్చి, ఏ ఊరండీ మీదని అడుగుతారు. తొందరేమీ లేదు కదా, కూర్చుని చెప్పండి.